నడుముగుడ్డలోని తోవ

సూర్యుడు పడమటి బురుజు మీదికి ఒరుగుతున్న వేళ, ప్రతిరూప దుర్గం పెద్దవాకిట బట్టలుతికేవాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. మగవాడి తలమీద పెద్ద మూట. ఆడమనిషి నడుముకు రంగుమరకల పాతగుడ్డ ఒకటి వేలాడుతోంది. వేషాలు బాగానే కుదిరాయి గాని, ఎండకు కాలిన బండల మీద ఆ మగవాడు నిమిషం కుదురుగా నిలబడలేక కాళ్ళు మార్చి మార్చి వేస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చెప్పులు లేకుండా గడప దాటని మనిషి మరి. అతడు వర్ణపురి యువరాజు ఉదయకేతుడు.

పక్కనున్న పిల్ల తరళ. వర్ణపురి కలంపని వీధిలో బట్టల మీద బొమ్మలు గీసే కస్తూరవ్వకు శిష్యురాలు. ఆ అవ్వ గీసిన చీర కట్టుకున్న పెళ్ళికూతురి మీదికి తుమ్మెదలు వచ్చి వాలేవని చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, అవ్వ మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా, "తుమ్మెదలు బొమ్మకు రావే, నేను రంగులో కలిపే బెల్లానికి వస్తాయి" అని నవ్వేసేది. ఆ అవ్వనే మాంత్రికుడు వక్రనఖుడు ఎత్తుకొచ్చి ఈ కోటలో దాచాడు. ఆమెను విడిపించడానికే ఇద్దరూ ఈ వేషాల్లో వచ్చారు.

వాడి బాధ వాడిది. కంటబడిన దేన్నయినా ఉన్నదున్నట్టు దింపి, ఒకటికి వంద చేయగల విద్య వాడికుంది. లేనిదాన్ని కొత్తగా ఒక్కటి పుట్టించే శక్తి మాత్రం వాడి పదిగోళ్ళలో దేనికీ లేదు. లోకంలో ఎవరూ ఎరగని రూపాన్ని చూపించిన వాడికి వర్ణపురి సింహాసనం తలవంచుతుందని ఏ భూతమో వాడి చెవిలో ఊదింది. ఆ రూపం గీసిపెట్టమని అవ్వను బతిమాలాడు, బెదిరించాడు. "నీకు గీసేకంటే గోడకు సున్నం కొట్టుకుంటా పోరా" అంది అవ్వ. వాడు మండిపడి ఆమెను ఒక మాయబట్టలో బొమ్మను చేసి కుదించాడు. ఇవాళ సూర్యాస్తమయానికి ఆ బట్టను మరిగే రంగుకాగులో ముంచుతాడు. ముంచాడా, రంగు పట్టుకుంటుంది. పట్టుకున్న రంగు ఇక వదలదు, అవ్వ ఎప్పటికీ బొమ్మగానే ఉండిపోతుంది.

వాకిట కాపలా భటులందరిదీ ఒకే మొహం. ఎవడో ఒక్కణ్ణి పట్టి తక్కినవాళ్ళందరినీ వాడిలోంచి దింపాడు మాంత్రికుడు. ఒకడు చెవి గోక్కుంటే కోటలోని భటులందరి చేతులూ చెవుల దగ్గరికే పోతాయి.

"బట్టలుతికేవాడివా? ఏదీ, ఉతికి చూపించు" అన్నాడు ముందున్న భటుడు.

"ఏమి ఉతకమంటారు దొరా?" అన్నాడు ఉదయకేతుడు, వీలైనంత వినయంగా.

"అదిగో, నీ పెళ్ళాం నడుముకున్న ఆ మురికిగుడ్డ."

తరళ చెయ్యి చటుక్కున ఆ గుడ్డ మీదికి పోయింది. అది మురికిగుడ్డ కాదు. కలంపనివాళ్ళకు నడుముగుడ్డ. నల్లరంగు కలాన్ని నీళ్ళలో కడుగుతారు గాని, పటిక నీళ్ళలో ముంచిన కలాన్ని మాత్రం నడుముగుడ్డకే తుడుస్తారు. ఆ గుడ్డను ఉతకకూడదని అవ్వ కట్టుబాటు. ఏడాదికోసారి విప్పి, ఎండలో పరిచి చూసుకోవాలని కూడా అనేది. తరళ ఒక్క ఏడాది కూడా చూసుకోలేదు. తోటి పిల్లలు చూసి నవ్వుతారని మడిచి దాచుకునేది. ఇప్పుడు ఇవ్వనంటే వేషం బయటపడుతుంది. పళ్ళబిగువున విప్పి ఇచ్చింది.

ఉదయకేతుడు గుడ్డను వాకిటి గుంటలో ముంచి, చౌడు పట్టించి, బండకేసి బాదాడు. చేతికందిన పని పూర్తిగా చేయడం రాజకుమారుడికి చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. బాది, పిండి, మళ్ళీ బాది, తెల్లటి గుడ్డను గాలికి దులిపి భటుల ముందు పట్టాడు. వాళ్ళు మెచ్చుకుని దారి ఇచ్చారు.

"చూశావా, మల్లెపువ్వులా వచ్చింది" అన్నాడు తరళతో, లోపలికి నడుస్తూ. మనిషి మొహం వెలిగిపోతోంది.

తరళ తడిగుడ్డ అందుకుని నడుముకు కట్టుకుంది. అతడిని తిట్టడానికి నోరు రాలేదు. పాపం, కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

కోట లోపలికి పోయినకొద్దీ చూపు ఒకచోట నిలవలేదు. వాకిళ్ళకు ఇరుపక్కలా మరకతాల తీగలు, తీగల నిండా పగడాల పూలు, పూలమధ్య ముత్యాల కంఠంతో నెమళ్ళు. నీలాలు పొదిగిన చావడులు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటూ పోతున్నాయి. పన్నీటి జల్లులు చిమ్మే చలువరాతి కొలనులు, కొలనుల్లో బంగారు కలువలు. అంతా కళ్ళు చెదిరే అందమే. కాసేపు చూశాక మాత్రం తరళకు అందులో ఏదో తేడా కనిపించింది. ప్రతి నెమలి మెడా ఒకే వంపు తిరిగి ఉంది. ప్రతి ఆకు మీదా ఒకే చోట ఒకే పురుగు తిన్న చిల్లు. మాంత్రికుడు ఎక్కడో ఒక ఆకు తెంపి దింపాడు. అది చిల్లని కూడా పోల్చుకోకుండా దింపాడు.

ఆ చిల్లు చూస్తుంటే ఆమెకు తన సంగతే మనసులో మెదిలింది. అవ్వ కుడిచేతి చూపుడువేలు ఒకప్పుడు విరిగి అతుక్కున్నది. అందుకని ఆమె గీసే తీగ మలుపు తిరిగేచోట చిన్న వణుకు పడుతుంది. తరళ వేలు నిక్షేపంగా ఉన్నా, ఆమె తీగ మలుపులోనూ అదే వణుకు ఉంటుంది. అంత బాగా నేర్చుకుంది మరి.

కలంపని వీధిలో ఒక ఆచారం ఉంది. శిష్యులు ఎంతకాలం పనిచేసినా, బట్ట అంచున సొంత గుర్తు వేసుకోవడానికి వీల్లేదు. ఏదో ఒకనాడు గురువు బట్టను చూసి, ఎవరూ అడిగించకుండా, తనంతట తాను "ఇది ఎవరి చెయ్యి?" అని అడగాలి. అడిగిన నాడు ఆ శిష్యుడు పనివాడైనట్టు. తరళ గీసినవన్నీ చూసి అవ్వ, "నా చెయ్యే" అని నవ్వి ఒక నువ్వుండ చేతిలో పెట్టేది. మొదట్లో ఆ మాటకు తరళ గంతులు వేసేది. తర్వాత తర్వాత నువ్వుండ గొంతు దిగేది కాదు. ఆ సంగతి అవ్వకు ఎన్నడూ చెప్పుకోలేదు.

"ఆగండి" అని కేక వినబడింది. లోవాకిటి భటుడొకడు ఉదయకేతుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూస్తున్నాడు. "బట్టలుతికేవాడి అరచెయ్యి ఇంత మెత్తగా ఉంటుందా? వేలికి ఉంగరం తీసిన మచ్చ కూడా ఉందే."

ఉదయకేతుడు రెండో చేత్తో మూట దించాడు. మూట అడుగున చెయ్యి పెట్టి, గుప్పెడు కారప్పొడి తీసి వాడి మొహాన కొట్టాడు. వాడు తుమ్మాడు. వాడితోబాటు పక్కవాడు తుమ్మాడు. మెట్లమీద వాళ్ళూ, బురుజుల మీద వాళ్ళూ, వంటశాల దగ్గర గంజి తాగుతున్న వాళ్ళూ, కోటలోని భటులందరూ ఒక్కసారిగా తుమ్మడం మొదలుపెట్టారు. బల్లేలు రాలిపడ్డాయి. బంగారు కలువలు అదిరి కొలను నీళ్ళు గట్టెక్కాయి. ఆ సందట్లో ఇద్దరూ చావడులు దాటి, మెట్లెక్కి, రాగితలుపు తోసుకుని రంగుశాలలో పడ్డారు. ఉదయకేతుడు తలుపు మూసి గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడ్డాడు.

శాల మధ్య ఏనుగంత కాగు. అందులో చిరువేరు నుంచి తీసిన ఎర్రరంగు కుతకుత ఉడుకుతోంది. ఎదురుగా దూలం నుంచి దుప్పటంత మాయబట్ట వేలాడుతోంది. బట్ట నడిమధ్యన పక్కమొహం పెట్టి, పెద్ద చేపకన్ను ఒకటి బయటికి కనిపించేలా ఒక ముసలిబొమ్మ నిలబడి ఉంది.

"అవ్వా" అని తరళ పరుగెత్తి ఆ బట్టను కౌగిలించుకుంది.

"మెల్లగా, మెల్లగా. ముడతలు పడితే నా నడుం విరుగుతుంది" అంది బొమ్మ. "వచ్చావా నా తల్లీ. వాడు చూడు, నన్నిట్లా పక్కకు తిప్పి నిలబెట్టినాడు. మెడ పట్టుకుపోయింది. ఆ రెండో కన్నేమో బట్ట వెనక్కు పోయింది. ఇంతకాలం ఆడబొమ్మలందరినీ నేను ఇట్లాగే నిలబెట్టి గీశాను గదా, వాళ్ళ ఉసురే తగిలింది."

తరళ ఏడుస్తూనే నవ్వింది. కళ్ళు తుడుచుకుని మూటలోంచి సొరబుర్రలోని నల్లరంగు, కలం తీసింది. "బయటికి ఎట్లా తీసేది చెప్పవ్వా. పొద్దు వాలుతోంది."

"ఈ బట్టమీద ఏది గీస్తే అది నిజమౌతుంది. వాకిలి గీస్తే చాలు, నేను నడిచి వచ్చేస్తాను. అయితే ఒక చిక్కుంది. లోకంలోని బొమ్మలన్నీ వాడు దీనికి తినిపించినాడు. ఒకసారి రుచి చూసిన గీత మళ్ళీ కనబడితే ఇది మింగేస్తుంది."

తరళకు అంతకంటే వినే ఓపిక లేదు. కలం ముంచి, తామరరేకుల తోరణంతో వాకిలి గీసింది. గుమ్మం మీద హంసలు, పక్కన తీగలు. అందంగా కుదిరింది. బట్ట ఒకసారి ముడుచుకుని, వాకిలిని హంసలతో సహా గుటుక్కున మింగింది.

"అది నా వాకిలే" అంది అవ్వ, మెల్లగా.

తరళ చిలుకను గీసింది, దారాలు కొరికి దారి చేస్తుందని. చిలుక రెక్క విప్పేలోగా మాయమైంది. పులిని గీసింది. పులి గాండ్రించబోయి, తోక ఒక్కటి కాసేపు బయట ఊపి, అదీ లోపలికి పోయింది.

"చిలుకా నాదే, పులీ నాదే. ఆ పులి నా చిన్నప్పటిదే, మీసాలు కూడా మరిచిపోకుండా గీశావు" అంది అవ్వ. ఆ గొంతులో గర్వం లేదు. "నీ తప్పు కాదే పిల్లా. నా తప్పు. నా చెయ్యే నీకు రావాలని అంత ముచ్చటపడ్డాను."

కిటికీలోంచి పడే ఎండ బట్టమీద జానెడే మిగిలింది. తరళ మళ్ళీ కలం ముంచి ఎత్తింది. ఎన్ని చీరలు గీసింది, ఎన్ని పందిళ్ళకు గీసింది. ఆ చేతిలోంచి ఇప్పుడు తనదనే గీత ఒక్కటి రావడం లేదు. అవ్వ ఎప్పటికీ బొమ్మగానే ఉండిపోతుంది, తన చేతకానితనం వల్లనే ఉండిపోతుంది అనిపించి కలం దించేసింది.

"నీ నడుముగుడ్డ ఏదీ?" అని అడిగింది అవ్వ.

తరళ ఉదయకేతుడి వైపు చూసింది. ఉదయకేతుడు తెల్లటి గుడ్డ వైపు చూశాడు. చేసిందేమిటో తెలియకపోయినా, ఏదో ఘోరమే చేశానని అతడికి అర్థమైంది.

"నేనే ఉతికానవ్వా" అన్నాడు తల వంచుకుని. "బాగా ఉతికాను."

"ఎంత బాగా?"

"మల్లెపువ్వులా వచ్చింది."

అవ్వ చేపకన్ను అతడి మీదికి తిరిగింది. తర్వాత ఆ బొమ్మ నవ్వింది. బట్టంతా అలలు తేలేలా నవ్వింది. "రాజుల బిడ్డవు, నీకేం తెలుస్తుందిలే నాయనా. ఏమే పిల్లా, నీకూ తెలియదా? పటిక కంటికి ఆనదని, గీసేది కనబడాలని అందులో ఎర్రమట్టి కలుపుతాం. ఉతికితే పోయేది ఆ మట్టే. పటిక ఎక్కడికి పోతుంది? అది ఉన్నచోటల్లా ఈ ఎర్రరంగు పట్టుకుంటుంది. కాగులో వెయ్యి."

తరళ గుడ్డ విప్పి మరిగే రంగులో పడేసి, కర్రతో ముంచి పట్టుకుంది. బయట తుమ్ములు తగ్గుతున్నాయి. తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. ఉదయకేతుడు వీపు మరింత బిగించాడు. తరళ గుడ్డను పైకి తీసి నీళ్ళలో జాడించి, నేలమీద పరిచింది.

తెల్లటి గుడ్డ నిండా ఎర్రటి గీతలు లేచి ఉన్నాయి.

చూసుకోకుండా, చూసుకోవాలని కూడా అనుకోకుండా, కలం తుడిచినప్పుడల్లా పడిన గీతలు. అవ్వ తీగలు తిరిగి తిరిగి మొదటికే వచ్చి ముడిపడతాయి. ఈ గీతలు ఒక్కటీ ముడిపడలేదు. ఆనించి, లాగి, చివర మణికట్టు విదిలించి గాలిలోకి వదిలేసినవి. అన్నీ ఒకే పక్కకు వంగి, గాలి వీచినప్పుడు రెల్లుగడ్డి వంగినట్టు ఉన్నాయి.

రెల్లే. తరళ పుట్టింది ఏటి లంకలో, చాపలల్లే వాళ్ళ ఇంట. అవ్వ దగ్గరికి రాకముందు రోజంతా రెల్లు దుబ్బుల్లోనే తిరిగేది. అక్కడ గుమ్మాలుండవు, తోరణాలుండవు. మనిషి నడిస్తే దుబ్బులు రెండు పక్కలకూ ఒరిగి తోవ ఇస్తాయి. ఆ సంగతి తను మరిచిపోయింది గాని, చెయ్యి మరిచిపోలేదు. తరళకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె లేచి కలం ముంచింది. ఈసారి గుమ్మం గీయలేదు. మాయబట్ట అడుగు నుంచి పైకి, ఒక్కొక్క ఊపుకు ఒక్కొక్క గీత, విదిలించి వదిలేస్తూ పోయింది. మలుపులో వణుకు లేదు. బట్ట ముడుచుకుంది, మళ్ళీ విప్పుకుంది. నోరు తెరిచి, ఏం చేయాలో తెలియనట్టు ఊరుకుంది. రెల్లు రెండు పక్కలకూ ఒరిగింది. ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చి తరళ ముంగురులు కదిలించింది. దాని వెనకనే అవ్వ తూలుకుంటూ వెనక్కు వెనక్కు నడుస్తూ బయటికి వచ్చి, ఉదయకేతుడి మీద పడింది.

సరిగ్గా అప్పుడే రాగితలుపు విరిగింది. తలుపు వచ్చి తగిలి కాగు ఒరిగి, రంగు నిప్పుల్లో పడి శాలంతా ఎర్రటి ఆవిరి కమ్మింది. ఆ ఆవిరిలో ఎవరికి ఎవరూ కనబడలేదు. అది విడిపోయేసరికి మాయబట్ట ముందు ఇద్దరు కస్తూరవ్వలు నిలబడి ఉన్నారు.

ఇద్దరికీ మెడలు పట్టేశాయి. ఇద్దరికీ చూపుడువేలు వంకరే. ఉదయకేతుడు మూటలోంచి కత్తి దూసి, ఎవరి వైపు తిప్పాలో తెలియక మధ్యలో నిలబెట్టాడు.

"ఏమే పిల్లా, అట్లా చూస్తావేం? నేనే" అన్నారు ఇద్దరూ.

ఎడమపక్క అవ్వ బట్ట దగ్గరికి వచ్చి తరళ గీతల మీద ప్రేమగా చెయ్యి ఆడించింది. "నా చెయ్యే. అచ్చం నా చెయ్యే తల్లీ" అని నవ్వి, కొంగున కట్టిన నువ్వుండ తీసి చాచింది.

తరళ చెయ్యి అలవాటుకొద్దీ ముందుకు పోయింది. ఆ మాట కోసం ఒకప్పుడు ఎంత తపించిందో ఆమెకే తెలుసు.

కుడిపక్క అవ్వ ఆ మాటలు వినిపించుకోలేదు. లోపల ఉన్నంతసేపూ ఆ గీతలు ఆమెకు బట్ట వెనకవైపు నుంచే కనబడ్డాయి. ఇప్పుడే ఎదుటినుంచి చూస్తోంది. కళ్ళు చికిలించి, ముక్కు బట్టకు ఆనేంత దగ్గరికి పోయి, వంకరవేలితో ఒక గీతను అడుగు నుంచి పట్టుకుని పైకి పోయింది. గీత అయిపోయినచోట వేలు గాలిలో ఆగిపోయింది. మళ్ళీ ఇంకొక గీత. కొట్లో కొత్త బట్ట పరిచినప్పుడు తప్ప ఆమె మొహం ఎన్నడూ అట్లా ఉండదు.

"ఇదెవరి చెయ్యి?" అంది.

అన్నాక గుర్తొచ్చింది. గుర్తొచ్చి, అరచేత్తో నోరు మూసుకుని తరళ వైపు తిరిగింది. ముసలికళ్ళు నిండిపోయాయి.

తరళ వెళ్ళి ఆ వంకరవేలు పట్టుకుంది. "నాదే అవ్వా" అంది.

ఎడమపక్క అవ్వ చేతిలోని నువ్వుండ నల్లటి తేలై నేలమీదికి దూకింది. ఆమె వెన్ను నిలువునా చీలి, లోపలినుంచి కొడవళ్ళలాంటి గోళ్ళు ముందూ, చింతనిప్పుల కళ్ళు వెనకా బయటికి వచ్చాయి. "ఆ గీత నాకు కావాలి. దాన్ని గీసిన చెయ్యి నాకు కావాలి" అని వక్రనఖుడు గర్జించాడు. విరిగిన తలుపులోంచి ఒకే మొహం ఉన్న భటులు కళ్ళు నులుముకుంటూ బల్లేలు ఎత్తి వచ్చారు. వెనక గోడ, ఎదుట బల్లేలు. కారప్పొడి మూటలో చిటికెడు కూడా మిగలలేదు.

తెరిచి ఉన్నది ఒక్క రెల్లుతోవ. గీతలు ముడిపడలేదు కాబట్టి అది మూసుకోవడం లేదు. లోపల చీకటిగా ఉంది. తడిమట్టి వాసనతోబాటు, తరళ తన లంకలో ఎన్నడూ వినని ఒక శబ్దం, ఏదో పెద్దది ఊపిరి తీస్తున్న శబ్దం వినబడుతోంది.

"అటు ఏముందే?" అంది అవ్వ.

"తెలియదవ్వా."

"నాకూ తెలియదు" అంది అవ్వ. ఆ మాట చెప్పడంలో ఆమెకు ఎంత సంతోషం ఉందో చెప్పలేం. నేలమీది ఎర్రగీతల గుడ్డ తీసి, గబగబా తరళ నడుముకు చుట్టి, ముడివేసింది. "ఊఁ, ముందు నువ్వు నడువు. నేను వెనక వస్తాను."

ఉదయకేతుడు కత్తి తిప్పుతూ వెనక్కు అడుగులు వేస్తున్నాడు. మాంత్రికుడి గోరొకటి అతడి తలపాగా ఊడబెరికింది. తరళ రెల్లు రెండు చేతులతో పాయలు తీసి, లోపలికి అడుగు వేసింది.

కాలికి నేల తగలలేదు. నీళ్ళూ తగలలేదు. ఒళ్ళు గిర్రున తిరిగి కిందికి జారిపోతోంది. చెవుల్లో గాలి హోరు, వెనక ఉదయకేతుడి కేక. కింద ఎక్కడో ఆ పెద్ద ఊపిరి దగ్గరవుతోంది. నడుముగుడ్డ చెంగు మాత్రం వెనకనుంచి బిగుతుగా లాగుతూనే ఉంది. అవ్వ దాన్ని వదల్లేదు.